గణగణా? గలగలా?

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి రాయడం ఆచారం. నేనూ నయాగరా చూచాను. ప్లాస్టిక్కు కోటు తొడుక్కొని, పడవెక్కి, తడిసి వచ్చాను కూడా. కాని దాన్ని గురించి నాకంటే బాగా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మిచిగన్ రాష్ట్రంలో గడిపిన ఐదు వారాలలో నా చెవుల్లో నిలిచిపోయింది జలపాతపు హోరు కాదు. మా అన్నగారి అబ్బాయి కారు కిందనుంచి వచ్చిన ఒక చప్పుడు. ఆ చప్పుడు వెంటబడి డెట్రాయిట్ నగరంలో ఒక రోడ్డును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూచాను. పనిలో పనిగా మా ఇంట్లో ఒక చిక్కుముడి కూడా కొంత సడలింది. అందుకని దాన్ని గురించే రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా పెద్దన్నయ్య నాకంటే పదిహేడేళ్ళు పెద్ద. నాన్నగారు పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అప్పటికే అన్నయ్య గుంటూరు జిల్లాలో ఒక ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేరాడు. నన్ను బళ్ళో వేసింది మొదలు ఎం.ఏ. తెలుగు పూర్తయ్యేదాకా నా చదువంతా ఆయన పానా పట్టి సంపాదించిన డబ్బే. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, కిరసనాయిలుతో చేతుల జిడ్డు వదిలించుకొని, నా చేత పద్యం అప్పజెప్పించుకునేవాడు. ఆ పద్యం ఆయనకు రాదు. అయినా నేను ఎక్కడ తప్పానో ఆయన చెవికి తెలిసిపోయేది. "ఎక్కడో ఒదులుగా ఉందిరా, మళ్ళీ చదువు" అనేవాడు.

ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ పిల్లవాణ్ణి డిపో గేటు దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు. "నేను బళ్ళ కింద పడుకుంటున్నది వీడు పడుకోకుండా ఉండటానికే" అనేవాడు. పిల్లవాడు బుద్ధిగా చదువుకున్నాడు. అమెరికా వెళ్ళాడు. కంప్యూటరు ఉద్యోగంలో కుదురుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. అంతా అన్నయ్య కోరుకున్నట్టే జరిగింది. తీరా క్రిందటి శీతాకాలంలో వాడొక పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. దాని కింద వెల్లకిలా పడుకొని, ముఖమంతా మసి పూసుకొని, నవ్వుతూ తీయించుకున్న ఫోటో ఒకటి తండ్రికి పంపించాడు. చూచి సంతోషిస్తాడనుకున్నాడు కాబోలు.

అన్నయ్య ఆ ఫోటో చూచి, మాట్లాడకుండా ఫోను బల్లమీద బోర్లించాడు. ఆ తరువాత ఆరు నెలలపాటు తండ్రీకొడుకుల మధ్య నడిచిన మాటలు మూడే: "బాగున్నావా", "బాగున్నాను", "అమ్మకిస్తున్నాను". వేసవి సెలవులకు రమ్మని అబ్బాయి నాకు టిక్కెట్టు పంపాడు. అన్నయ్య రైలు స్టేషనుదాకా వచ్చి, రైలు కదిలేముందు, "ఆ బండి అమ్మెయ్యమని చెప్పు" అన్నాడు. నాతో పంపిన కబురు అదొక్కటే. వదిన పంపిన ఆవకాయ జాడీ సంగతి వేరు.

డెట్రాయిట్‌కు ఉత్తరాన ట్రాయ్ అనే ఊళ్ళో మావాడి ఇల్లు. మనవాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు. కనుక భోజనాలు చేసి బయట కుర్చీలు వేసుకొని కూర్చుంటే మనకు సాయంత్రం ఐదు గంటలన్నట్టే ఉంటుంది. వెళ్ళిన మరునాడే మావాడు గ్యారేజి తలుపు ఎత్తి తన నిధిని చూపించాడు.

అది మస్టాంగు కారు. మస్టాంగు అంటే అక్కడి బయళ్ళలో తిరిగే అడవి గుర్రం. 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డువారు ఆ పేరుగల కారును మొదటిసారి జనానికి చూపించారు. మావాడిది 2008 నాటిది, రెండు చేతులు మారి వచ్చింది. ఎర్ర రంగు, రెండే తలుపులు. ఇంజనులో ఎనిమిది సిలిండర్లు. ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా ఈవైపు నాలుగు, ఆవైపు నాలుగు. గేర్లు చేత్తో వెయ్యాలి. ఆ దేశంలో అలాంటి కార్లు ఇప్పుడు బహు తక్కువ.

"తాళం తిప్పుతాను, వినండి బాబాయ్" అన్నాడు. ఇంజను మేలుకొంది. సింహం గొంతులాంటి గంభీరమైన ధ్వని వచ్చింది. ఆ వెనకే, సింహం మెడలో ఎవరో మేకగంట కట్టినట్టు, ఇంకో చప్పుడు వచ్చింది. మావాడి ముఖం వాడిపోయింది.

"హెడర్లు మార్చినప్పటినుంచీ ఈ ర్యాటిల్ పోవడం లేదు" అన్నాడు.

హెడర్లంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ప్రతి సిలిండరులోనూ పెట్రోలు మండుతుంది. మండినప్పుడల్లా పొగ బయటికి పోవాలి. మామూలుగా ఫ్యాక్టరీలో బిగించే మ్యానిఫోల్డు దళసరి పోత ఇనుముది. నాలుగు సిలిండర్ల పొగా వెంటనే ఒకే ఇరుకు దారిలో పడుతుంది. పెళ్ళిలో నాలుగు బంతులవాళ్ళూ ఒక్కసారి లేచి ఒకే గుమ్మంలోనుంచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినట్టన్నమాట. హెడర్ల పద్ధతి వేరు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఉక్కు గొట్టం ఉంటుంది. నాలుగు గొట్టాలూ వంపులు తిరుగుతూ కిందికి దిగి, దూరంగా ఒకచోట కలుస్తాయి. ముందుపోయిన పొగ తన వేగంతో వెనక వచ్చేదాన్ని లాగుతుంది. ఇంజను సులువుగా ఊపిరి వదులుతుంది. బలం కొంచెం, గొంతు బాగా పెరుగుతాయి.

అయితే దీనికి ఖర్చు కూడా ఉంది. పోత ఇనుము లావుగా ఉండి చప్పుడు దిగమింగుతుంది. పలచని ఉక్కు గొట్టం మోగుతుంది. కొత్త గొట్టాలు పాతవాటికంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పక్కనున్న ఇనుముకు దగ్గరగా జరుగుతాయి. పైగా కాగినప్పుడు సాగుతాయి. మీటరు పొడవు స్టెయిన్‌లెస్ గొట్టం 500 సెంటిగ్రేడు డిగ్రీల మేర వేడెక్కితే ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తగలని గొట్టం కాగిన తరువాత తగులుతుంది. కాగినప్పుడు బిగువుగా ఉన్న కీలు చల్లారిన తరువాత ఒదులవుతుంది.

మావాడు మూడు శనివారాలు కారు కింద దూరాడట. చప్పుడు ఒకచోట పోయినట్టుండి మరోచోట పుట్టిందట. "నోవైలో వెంకటేశ్వరస్వామి గుడికి ఈ కారులో వెళ్ళాం, బాబాయ్ గారూ" అని మా కోడలు చెప్పింది. "లోపల గుడిగంట మోగుతోంది, బయట మా గంట మోగుతోంది. అందరూ మావైపే చూచారు. అప్పటినుంచి నేను నా కారులోనే వెళుతున్నాను."

అన్నయ్య కబురు ఇంకా నా నోట్లోనే ఉంది. అమ్మెయ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. కాని ఆ పిల్లవాడు గ్యారేజీ గోడకు పానాలు సైజు ప్రకారం చిన్నదానినుంచి పెద్దదానివరకు తగిలించుకున్న తీరు చూచాను. డిపోలో అన్నయ్య పెట్టెలోనూ అదే వరుస. నేను ఏమీ అనలేకపోయాను.

వుడ్‌వర్డు మీద

ఆ ఆదివారం మావాడు నన్ను వుడ్‌వర్డు అవెన్యూ చూపిస్తానని, చప్పుడు చేసే ఆ కారులోనే తీసుకుపోయాడు. డెట్రాయిట్ నది దగ్గర మొదలై వాయవ్యంగా పాంటియాక్ ఊరిదాకా, దాదాపు 27 మైళ్ళు పోయే రోడ్డు అది. కార్ల చరిత్ర అంతా ఆ రోడ్డుకు అటూ ఇటూ పరుచుకొని ఉంది.

నది ఒడ్డున మొదలుపెట్టాము. 1950 జనాభా లెక్కల్లో డెట్రాయిట్ నగరంలో 18 లక్షల 49 వేలమంది ఉన్నారు. 2020 లెక్కల్లో 6 లక్షల 39 వేలు. మూడింట రెండువంతుల జనం తరిగిపోయిన నగరం ఎలా ఉంటుందో మనకు ఊహకు అందదు. మేడ పక్కన మేడ ఉండవలసిన చోట గడ్డి మైదానాలు. మళ్ళీ నాలుగడుగులు వేస్తే కొత్తగా రంగులు వేసిన అంగళ్ళు, కుర్చీలు వేసుకొని కాఫీ తాగే జనం. పడి లేస్తున్న ఊరు.

ఆ రోడ్డుమీదనే కళాసంగ్రహాలయం ఉంది. లోపల ఒక పెద్ద హాలు నాలుగు గోడలమీదా మెక్సికో చిత్రకారుడు డియాగో రివేరా 1932–33లో వేసిన బొమ్మలున్నాయి. మొత్తం 27 పలకలు. హెన్రీ ఫోర్డు కొడుకు ఎడ్సెల్ ఫోర్డు డబ్బిచ్చి వేయించాడు. ఉత్తరపు గోడమీద ఉన్నది ఏమిటనుకున్నారు? ఎనిమిది సిలిండర్ల ఫోర్డు ఇంజను తయారవుతున్న దృశ్యం! దేవుళ్ళూ రాజులూ లేరు. వంగి లాగేవాళ్ళు, తోసేవాళ్ళు, రంధ్రాలు తొలిచేవాళ్ళు. చాలామంది మనవైపు చూడరు. చేస్తున్న పనివైపు చూస్తుంటారు. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. మావాడూ నిలబడ్డాడు.

"చిన్నప్పుడు డిపో గోడ పగుల్లోనుంచి నాన్నను ఇలాగే చూచేవాణ్ణి బాబాయ్" అన్నాడు. "లోపలికి రానిచ్చేవాడు కాదుగా."

2013లో డెట్రాయిట్ నగరపాలక సంస్థ దివాలా ప్రకటించినప్పుడు ఈ సంగ్రహాలయంలోని కళాఖండాలు అమ్మి అప్పులు తీర్చాలన్న మాట కూడా వచ్చిందట. మరుసటి ఏడు ధర్మసంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చి ఆదుకున్నాయి. నగరంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఉద్యోగులు తమ పింఛనులో కొంత కోతకు ఒప్పుకున్నారు. బొమ్మలు గోడలమీదే నిలిచాయి.

ఇంకా పైకి పోతే రోడ్డుకు కొంచెం పక్కగా పికెట్ వీధిలో ఇటుకల కట్టడం ఒకటి ఉంది. ఫోర్డు మోడల్-టి కారు 1908లో పుట్టిన ఇల్లు అది. ఆ తరువాత హైలాండ్ పార్కు ఫ్యాక్టరీ. 1913లో కదిలే పట్టామీద కార్లు కూర్చడం మొదలైంది ఇక్కడే. అంతకుముందు ఒక చట్రం కూర్చడానికి పన్నెండు గంటలకు పైగా పట్టేది. అది గంటా ముప్ఫైమూడు నిమిషాలకు దిగింది. ఒకడు బోల్టు దూర్చేవాడు, మరొకడు నట్టు ఎక్కించేవాడు, ఇంకొకడు బిగించేవాడు. బిగించడం వేరే ఒక మనిషి పని అన్నమాట. ఈ సంగతి తరువాత మాకు అక్కరకు వచ్చింది.

ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా మా కారు కిందినుంచి గణగణ. పక్క కార్లవాళ్ళు తొంగిచూచేవారు. ఒక పెద్దాయన అద్దం దింపి, నవ్వుతూ బొటనవేలు కిందివైపు చూపించాడు. వుడ్‌వర్డు మీద కారు చప్పుడు విని తీర్పు చెప్పని మనిషి ఉండడట. 1960ల్లో ఈ రోడ్డుమీద కుర్రకారు ఒక దీపం దగ్గరనుంచి ఇంకో దీపందాకా రాత్రిళ్ళు పందేలు వేసుకొనేవారు. ఫెర్న్‌డేల్ ఊళ్ళో పిల్లల ఆటస్థలానికి చందా పోగుచేయడంకోసం 1995లో ఒక పాత కార్ల ఊరేగింపు మొదలుపెడితే, అది పెద్ద తిరునాళ్ళయి కూర్చుంది. ఆగస్టులో మూడో శనివారం జరుగుతుంది. ఆ తిరునాళ్ళకు తన కారు తయారుగా ఉండాలని మావాడి కోరిక. "ఈ మేకగంటతో మాత్రం పోను" అన్నాడు.

ఫోనులో వైద్యం

ఆ రాత్రి తొమ్మిది గంటలకు, అంటే మనకు మరునాటి ఉదయం ఆరున్నరకు, రోజూలాగే నేను అన్నయ్యకు ఫోను చేశాను. గ్యారేజీలో మావాడు కారు స్టార్టు చేశాడు. నేను తలుపు మూసేలోపే అన్నయ్య గొంతు మారింది.

"ఏమిట్రా అది?"

"కారన్నయ్యా."

"కారని తెలుస్తోంది. ఆ చప్పుడేమిటి? దగ్గరికి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. కాసేపు నిశ్శబ్దం. తరువాత వరుసగా ప్రశ్నలు. "చల్లగా ఉన్నప్పుడా, కాగిన తరువాతా? నిలబెట్టినప్పుడా, క్లచ్చి వదిలేటప్పుడా? గణగణా? గలగలా? కటకటా? దడదడా?"

మావాడు అంతకుముందు మూడు శనివారాలు వెతికింది 'ర్యాటిల్' అనే ఒక్క మాటతో. ఆ మాటలో అన్ని చప్పుళ్ళూ కలిసిపోయాయి. నేను ఇరవై ఏళ్ళుగా తరగతిలో ధ్వన్యనుకరణ పదాలు బోధిస్తున్నాను. వాటికి ఇలాంటి ప్రయోజనం ఉంటుందని ఏ పరీక్షలోనూ అడగలేదు. నేను కాగితమూ కలమూ తీసుకున్నాను. మావాడు ఇంజను నడిపాడు. నేను విని మాటలు చెప్పాను.

మొదటిది గణగణ. నిలబెట్టి నడుపుతున్నప్పుడు, ఒక వేగం దగ్గర, స్టీలు పళ్ళెంమీద చెంచా వణికినట్టు. "పలచ రేకు అది" అన్నాడు అన్నయ్య. "గొట్టం వేడి పైకి తగలకుండా రేకు కవచం ఉంటుంది. దాని బోల్టు తుప్పుపట్టి ఉంటుంది. చల్లారిన తరువాత పిడికిలితో తట్టండి."

రెండవది టిక్కుటిక్కు. పొద్దున్న చల్లటి ఇంజను మొదలుపెట్టగానే బల్లి పలికినట్టు. ఐదారు నిమిషాలలో పోతుంది. "ప్యాకింగు దగ్గర పొగ కారుతోంది. కాగాక ఇనుము పొంగి మూసుకుంటోంది. కొత్త బోల్టులు నాలుగు వేడీలు తిన్నాక మళ్ళీ బిగించారా?" మావాడు తల అడ్డంగా ఊపాడు.

మూడవది దడదడ. వెనక్కి తీసేటప్పుడు క్లచ్చి వదలగానే ఎవరో తలుపు కొట్టినట్టు. అన్నయ్య ఒక క్షణం ఆగాడు. "ఇంజను గుంజినప్పుడు పక్కకు ఒరుగుతుంది. గొట్టం అడ్డ దూలానికి తగులుతోంది" అన్నాడు. తరువాత, మొదటిసారి కొడుకును ఉద్దేశించి, "గొట్టాలు ఏ వరుసలో బిగించావురా?" అన్నాడు.

గ్యారేజీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"వెనకనుంచి నాన్నా" అన్నాడు మావాడు. "వెనక గొట్టాల మూతులు రెండూ సమంగా కనబడాలని ముందు అవి బిగించాను. తరువాత ముందువైపు లాగి కలిపాను."

అన్నయ్య నవ్వినట్టనిపించింది. "అందానికి బిగించావన్నమాట. తప్పు బండిదీ కాదు, గొట్టాలదీ కాదు. అన్నీ ఒదులు చెయ్యి. అది ఎలా వేలాడదలచుకుంటే అలా వేలాడనియ్యి. సర్దుకున్నాక ముందునుంచి వెనక్కి బిగించుకు రా" అన్నాడు. మళ్ళీ అంతలోనే గొంతు గట్టిపడింది. "బండి లేపి కింద స్టాండ్లు పెట్టకుండా దూరావంటే ఊరుకోను. వట్టి జాకీని నమ్మి పోయినవాణ్ణి నేను చూచాను."

నాలుగవ మాట గలగల. అది మా కారులో లేదు. పొగలోని విషవాయువులను విరిచే పరికరం ఒకటి గొట్టంలో ఉంటుంది. 1975 మోడళ్ళనుంచి అమెరికా కార్లలో దాన్ని పెడుతున్నారు. లోపలి పింగాణి ఇటుక పగిలితే డబ్బాలో శనగలు ఆడించినట్టు గలగలమంటుంది. దాన్ని తీసి పారేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం, మార్చడం చాలా ఖర్చు. చల్లటి గొట్టాన్ని రబ్బరు సుత్తితో తట్టి చూచాము. గలగల లేదు. వేంకటేశ్వరుడికి అక్కడే దండం పెట్టుకున్నాము.

చపాతీ పిండి

శనివారం పొద్దున్నే పని మొదలైంది. నా పని ఫోను పట్టుకోవడం, పానాలు అందించడం. పది నంబరు, పదమూడు నంబరు తేడా నాకు ఆరోజే తెలిసింది.

రేకు కవచం అన్నయ్య చెప్పినట్టే ఉంది. బోల్టు తుప్పుకు తిన్నది తిని, హెడర్లు మార్చిన కుదుపుకు తెగిపోయింది. ఆ దేశంలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గనే ఉంది! ఆ ఉప్పు మంచునూ తింటుంది, బోల్టునూ తింటుంది. కవచం చుట్టూ పొడవాటి స్టీలు క్లిప్పు ఒకటి తిప్పి బిగిస్తే గణగణ ఆగిపోయింది. ఖర్చు రెండు మూడు డాలర్లు.

టిక్కుటిక్కుకు హెడరు బోల్టులన్నీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మధ్యనుంచి అంచులకు, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి తరువాతదానికి పోకూడదు. మావాడు కొలత చూపించే పానా వాడాడు. పదహారు బోల్టులలో ఐదు పావు చుట్టు తిరిగాయి.

ఇక దడదడ. తగిలేచోటు ఎలా తెలుసుకోవడం? దూలంమీద ఒకచోట తుప్పు రాలి ఇనుము తళతళలాడుతోంది. "ఉందిగా సాక్ష్యం" అన్నాడు అన్నయ్య. "ఎంత దగ్గరో చూడాలి. మేము బంకమట్టి పెట్టేవాళ్ళం." బంకమట్టి ట్రాయ్‌లో ఎక్కడ తెస్తాము? మా కోడలు వంటింట్లోనుంచి చపాతీ పిండి ముద్ద తెచ్చి ఇచ్చింది. దాన్ని చల్లటి గొట్టానికీ దూలానికీ మధ్య అతికించి, అందరమూ కారు కిందినుంచి బయటికి వచ్చాము. మావాడు ఎక్కి, బ్రేకు తొక్కి, వెనక గేరు వేసి, క్లచ్చి సగం వదిలి, వెంటనే ఇంజను ఆపేశాడు. చూద్దుముగదా, పిండి అప్పడమైపోయింది.

అప్పుడు హెడర్ల కింది కీలునుంచి వెనక సైలెన్సర్లదాకా ఉన్న క్లాంపులన్నీ ఒదులు చేశాడు. చక్రాలు ర్యాంపులమీద మోపి, బండి బరువు నేలమీద నిలిచినట్టే నిలిపి, గొట్టాలను చేత్తో అటూ ఇటూ ఊపాడు. అంత పొడవు గొట్టమూ ఒక్క నిట్టూర్పు విడిచినట్టు కిందికి జారి, తన చోటు తాను వెతుక్కొని ఆగింది. దూలానికీ గొట్టానికీ మధ్య వేలు దూరింది. వెనక రబ్బరు హ్యాంగర్లలో ఒకటి సాగి తెగబోతోంది, దాన్ని మార్చాము. తరువాత ముందునుంచి ఒక్కొక్క క్లాంపూ బిగించుకుంటూ వెనక్కి వచ్చాడు. ఒక్కొక్కటి బిగించినప్పుడల్లా ఫోనులో, "వేలు దూరుతోందా?" "దూరుతోంది నాన్నా." "సరే, తరువాతది."

ఇలా రెండు గంటలు జరిగింది. గుంటూరు జిల్లాలో అప్పుడు రాత్రి పది దాటింది. వదిన వెనకనుంచి పడుకోమని కేకవేస్తోంది. అన్నయ్య వినిపించుకోలేదు.

ఆఖరి క్లాంపు బిగించాక మావాడు కిందినుంచి బయటికి వచ్చాడు. వెనక గొట్టాల మూతులు రెండూ సమంగా లేవు. ఎడమది అర అంగుళం కిందికి ఉంది. "అలాగే ఉండనియ్యి" అన్నాడు అన్నయ్య. "వెనకనుంచి చూచేవాళ్ళకోసం కాదు బండి."

వీడియోలో కొడుకు ముఖం ఆయనకు కనిపించింది. మసి, చెమట, నుదుటిమీద చపాతీ పిండి. ఆరు నెలల కిందటి ఫోటోలో ఉన్నట్టే. ఆయన చాలాసేపు చూచాడు.

"నిన్ను ఆ పనిలోకి రానివ్వకూడదనుకున్నాను" అన్నాడు. "నాకు ఇల్లు గడవడానికి అదే దారి. నీకు ఇంకో దారి ఉండాలనుకున్నాను."

"ఉంది నాన్నా" అన్నాడు మావాడు. "సోమవారంనుంచి శుక్రవారందాకా ఆ దారిలోనే ఉన్నాను. శనివారం ఒక్కరోజే ఇది. ఇది నీ దగ్గర నేర్చుకోవాలనుకున్నదే."

అన్నయ్య దానికి జవాబు చెప్పలేదు. "చేతులు సబ్బుతో కాదు, ముందు నూనెతో తుడుచుకో" అన్నాడు.

కాంక్రీటు మైలు

సాయంత్రం మళ్ళీ వుడ్‌వర్డు మీదికి వెళ్ళాము. సిక్స్ మైల్ రోడ్డుకూ సెవెన్ మైల్ రోడ్డుకూ మధ్య ఒక మైలు ఉంది. 1909లో అమెరికాలో మొట్టమొదటి కాంక్రీటు రహదారి మైలు వేసింది అక్కడే. ఇప్పుడు దానిమీద ఎన్ని పొరలు పడ్డాయో! మన ఊళ్ళ రోడ్లకు తీసిపోని గుంటలు కూడా ఉన్నాయి. చప్పుడు పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు లేదని మావాడు కావాలని అక్కడికి తీసుకుపోయాడు.

దీపం పచ్చబడింది. క్లచ్చి వదిలాడు. దడదడ లేదు. రెండో గేరు. గణగణ లేదు. గుంటలో పడి లేచాము. సింహం తన గొంతుతో తాను గర్జించింది. మెడలో గంట లేదు. పక్క వరుసలో పాత నీలం కారులో వెళుతున్న ఒక ముసలాయన మాకేసి చూచి బొటనవేలు పైకెత్తాడు. మావాడు నవ్వాపుకోలేకపోయాడు. నాకేమో కళ్ళు చెమర్చాయి, గాలికి కాబోలు.

కారు ఒక పక్కన ఆపి, మావాడే తండ్రికి ఫోను చేశాడు. అక్కడ తెల్లవారుజాము. రెండుసార్లు మోగకముందే అన్నయ్య ఎత్తాడు. మావాడు ఏమీ మాట్లాడకుండా ఫోను వెనక గొట్టాల దగ్గర పట్టుకున్నాడు. ఇంజను నడుస్తోంది. అవతల ఆయన వింటున్నాడు.

"ఎక్కడా ఒదులు లేదు" అన్నాడు చివరికి. చిన్నప్పుడు నేను పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినప్పుడు కూడా ఆ మాటే అనేవాడు. మళ్ళీ అన్నాడు: "కాని మొదటి బిగింపును నమ్మకూడదు. ఐదు వందల మైళ్ళు తిరిగాక చల్లటి ఇంజనుమీద అన్నీ మళ్ళీ చూచుకోవాలి. ఆరోజు నాకు ఫోను చెయ్యి."

"చేస్తాను నాన్నా."

"వీడియో పెట్టు. పోయినసారి హెడరు బోల్టు ఐదోది సరిగా కనబడలేదు."

నేను జూన్ చివర తిరిగివచ్చాను. అన్నయ్య స్టేషనుకు వచ్చాడు. బండి అమ్మెయ్యమని చెప్పావా అని అడగలేదు. నేనూ చెప్పలేదని చెప్పలేదు. దారిలో రిక్షా వంతెన దిగుతుంటే, "నిన్న ఐదు వందల మైళ్ళయిందట" అన్నాడు. "రెండు బోల్టులు కొంచెం తిరిగాయి. ఐదోది కదల్లేదు. ఇంకో వెయ్యి మైళ్ళకు మళ్ళీ చూడమన్నాను."